పాలిష్ కింద పేరు

రేడియో ఉన్న ఇల్లే గొప్పిల్లయిన రోజులవి. మునసబు గవర్రాజు చుట్టాలందరి ముందూ వడ్రంగి మాణిక్యాన్ని పిలిచి, "ఈ రేడియో పెట్టె మా నాన్నది. కొన్ననాడు ఎలా ఉందో అలాగే చేసి తేవాలే. గీత తేడా వస్తే నీ ఉలీ బాడిసా లాక్కుంటా" అన్నాడు.

పాత పాలిష్ గీకేసరికి మాణిక్యం సిగ్గుతో చచ్చిపోయింది. చెక్క మీద ‘ఊరందరి రేడియో’ అని చెక్కి ఉంది. ఆ అక్షరాలను చింతగింజల పిండితో పూడ్చిన పనితనం ఆమె తండ్రిదే.

పిండంతా తీసేసి, పెట్టెను తీసుకెళ్లి చుట్టాల ముందే దించింది.

"ఈ రాతలేమిటే?" మునసబు మొహం నల్లబడింది.

"కొన్ననాడు ఉన్నట్టే చేశానయ్యగారూ, గీత తేడా లేదు. పూడ్చమన్నది మీ నాన్న, పూడ్చింది మా నాన్న. నా వంతు సిగ్గు నేను పడ్డాను. ఇక మీ వంతు."

చుట్టాలంతా మునసబు వైపే చూశారు. ఆయన లేచి పెట్టెకు ఒక పక్క పట్టాడు, రెండో పక్క మాణిక్యం పట్టింది. పంచాయతీ అరుగు దాకా మోసుకెళ్తూ ఇద్దరూ తలెత్తలేదు.