పాయ దాటే ముందు

కొత్తమొగ అనే రేవు ఊళ్లో సుభద్రమ్మ అనే పెద్దావిడ ఉండేది. ఏదైనా మరిచిపోయానని ఒప్పుకోవడమంటే ఆమెకు చచ్చేంత నామోషీ. బడికి వెళ్లకపోయినా నిఘంటువులు చదివి ఇంగ్లీషు నేర్చుకుంది. ఆ మాటలు ఎక్కడ జారిపోతాయోనన్న భయంతో పొద్దున్నే పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని తనే అప్పజెప్పేది.

"క్రీక్ అంటే ఇంగ్లండు వాళ్లకు మన ఊరి పాయలాంటిది. సముద్రం నీళ్లు లోపలికొచ్చి పోతుంటాయి. అదే అమెరికాలో అయితే చిన్న వాగు. అక్కడ కొందరు క్రిక్ అంటారు, అలాగే రాస్తారు కూడా."

"ఒక్క మాటకి ఎన్ని వేషాలు మామ్మా!" అని పొరుగింటి పిల్ల నూకరత్నం నవ్వేది.

ఆ ఊళ్లో ఒక అలవాటు ఉండేది. పాటు వేళ, అంటే నీరు తీసినప్పుడు, పాయను నడిచే దాటేవారు. పోటెక్కితే పడవే గతి. అందుకని నీళ్లలో కాలు పెట్టేముందు ఎంతటివాళ్లయినా, గట్టు మీద కనిపించినవాళ్లను "పోటా, పాటా?" అని అడిగేవారు.

ఒకరోజు అవతలి గట్టు బడిలో ఇంగ్లీషు మాటల పోటీ పెట్టారు. నూకరత్నాన్ని తీసుకెళ్లే పని సుభద్రమ్మ మీద పడింది. పడవ నడిపే అప్పన్న గట్టున వల బాగుచేసుకుంటున్నాడు.

"అడుగుదామా మామ్మా?" అంది పిల్ల.

"నిన్న ఈ వేళకే దాటాను. ఆ మాత్రం గుర్తుండదా నాకు?" అంది సుభద్రమ్మ. దాటింది నిన్ననో, నాలుగు రోజుల కిందటో, ఆమెకు నిజంగా గుర్తులేదు. అడిగితే ముసలామెకు మతిమరుపు వచ్చిందంటారని భయం.

సగం దూరం వెళ్లేసరికి నీరు పిల్ల నడుము దాటింది. వెనక్కి తిరుగుదామన్నా ఉరవడి లాగేస్తోంది. సుభద్రమ్మ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని, నామోషీ దిగమింగి కేక పెట్టింది.

"అప్పన్నా! పోటా, పాటా?"

"పోటే అత్తా! అక్కడే నిలబడు, వత్తన్నా!"

పడవెక్కాక ఆమె తల దించుకుంది. "మరిచిపోయానురా."

"నేను పుట్టిందే ఈ గట్టు మీద. అయినా రోజూ అడుగుతాను," అన్నాడు అప్పన్న. "అడిగితే నోరు అరిగిపోద్దా ఏటి?"

నూకరత్నం తడిసిన పరికిణీతోనే పోటీకి నిలబడింది.

మర్నాడు ఒక పిల్ల వచ్చి, "క్రీక్ అంటే ఏంటి మామ్మా?" అంది.

"ఏ దేశం వాళ్ల పుస్తకంలో చూశావు? పట్రా, చూసి చెప్తాను."

"నీకు తెలీదా?"

"తెలుసనే అనుకుంటున్నా. అయినా చూద్దాం," అంది సుభద్రమ్మ.

మరిచిపోవడం తప్పు కాదు. ఆ సంగతి దాచిపెట్టి మరొకరిని వెంట నడిపించడమే తప్పు.