తాబేళ్ల వంతు

నల్లగుట్ట అడవిలో జింకలకు ఒకటే కోరిక. బతికుండగా ఒక్కసారైనా ఇసుకదేశం వెళ్లి, అక్కడి పవిత్రమైన బావి దగ్గర మోకరిల్లి, నోరారా దువా చేసుకుని రావాలని. అయితే ఎడారిలో ఎందరికని నీడ దొరుకుతుంది, ఎందరికని నీళ్లు సరిపోతాయి? అందుకని బావిని కాచే ఒంటెల పెద్ద, ఏ అడవిలో భక్తులెందరుంటే దాన్నిబట్టి ఆ అడవికి చోట్లు వంతులు వేసేది.

హుసేన్‌బీ అనే ముసలి జింక ఏటా ఆశపడేది. ఏటా చోటు దొరికేది కాదు.

"దొరా, నా మోకాళ్లు అరిగిపోయాయి. ఇంకా నాలుగు చోట్లు ఎక్కువ ఇమ్మని వాళ్లని అడగరాదా?" అని సింహాన్ని వేడుకుంది.

సింహం మనసు కరిగింది. మంత్రి నక్కను రాయబారం పంపింది. కానుకగా తేనె మోయడానికి ఎద్దును తోడిచ్చింది.

ఇసుకదేశంలో ఒంటెల పెద్ద వాళ్లను నీడలో కూర్చోబెట్టి, ఖర్జూరాలు పెట్టి అడిగింది.

"మీ అడవిలో జింకలు ఏపాటి ఉన్నాయి నాయనా?"

"చెప్పుకుంటే దిష్టి తగుల్తుందయ్యా! గడ్డిపరకల్నైనా లెక్కపెట్టొచ్చు గానీ మా జింకల్ని లెక్కపెట్టలేం. పోయినేటికి రెట్టింపయ్యాయి" అంది నక్క.

"మీ మాటే మాకు లెక్క" అని ఒంటె చోట్లు రెట్టింపు చేసింది.

బయటికొచ్చాక ఎద్దు ఆగింది. "నక్కబావా, రెట్టింపు ఎక్కడున్నాయి? కరువుకి సగం జింకపిల్లలు పోలా?"

"అడగనిదే అమ్మైనా అన్నం పెట్టదు మామా! కాస్త ఉప్పూకారం వేసి అడిగాను. నువ్వు మాట్లాడకుండా నడువు."

ఎద్దు మాట్లాడకుండా నడిచింది. దారిలో మాత్రం పదేపదే ఇసుకదేశం వైపు వెనక్కి తిరిగి చూసింది.

అడవిలో నక్కకు మేళతాళాలతో స్వాగతం చెప్పారు. తీరా యాత్రకు పిలుపులొచ్చేసరికి, పెరిగిన చోట్లన్నీ సింహం బామ్మర్దులకీ, నక్క చుట్టాలకీ పోయాయి. "రాజుగారి తరఫున పెద్దలుండాలి కదా!" అంది నక్క. సింహం తల పక్కకు తిప్పుకుని సరేనంది.

ఈసారీ హుసేన్‌బీకి చోటు దొరకలేదు. "పైవాడి పిలుపు ఇంకా రాలేదు కాబోలు" అనుకుని మేతకెళ్లిపోయింది.

యాత్ర ముగిశాక ఒకరోజు ఒంటెల పెద్ద తన బిడారుతో నల్లగుట్టకు వచ్చింది. ప్రతి ఒంటె మీదా చిన్నచిన్న సొరబుర్రలు వేలాడుతున్నాయి.

"యాత్రకు రాలేకపోయిన మీ జింకలకి బావినీళ్లు తెచ్చాం రాజా! తలా ఒక బుర్ర. మీ మంత్రి చెప్పిన లెక్కకే నింపాం" అంది.

జింకలు ఒక్కొక్కటే వచ్చి, బుర్రను నుదుటికి తాకించుకుని, కళ్లు మూసుకుని తాగాయి. చివర హుసేన్‌బీ తాగింది. ఇంకా సగం బుర్రలు అలాగే మిగిలాయి.

"మిగతా వాళ్లేరి?" అంది ఒంటె.

"మేతకెళ్లాయయ్యా, కొండవతలకి" అంది నక్క.

"వచ్చేదాకా ఉంటాం. ఎదురుచూడ్డం ఒంటెకి కొత్తా?" అని చెట్టు కింద కూర్చుంది.

పొద్దు వాలింది. కొండవతల నుంచి ఒక్క జింకైనా రాలేదు. నక్క మెల్లగా వెనక్కి జరిగింది. ఎద్దే ముందుకొచ్చింది.

"ఇక రారయ్యా. ఉన్నది ఇంతమందే. ఆరోజు మీ ముందు నోరు మూసుకున్నాను. ఆ తప్పు నాదీ."

ఒంటె కోప్పడలేదు. బుర్రల వంక చూసి, మెల్లగా అంది: "మీకు ఎక్కువిచ్చిన చోట్లు ఇసుకలోంచి మొలవలేదు. సముద్రం మధ్య లంకలో తాబేళ్లున్నాయి. వాటి వంతు కోసి మీకిచ్చాను. ఈ ఏడు అవి ఒడ్డుదాకా వచ్చి, వెనక్కి ఈదుకుంటూ పోయాయి."

ఏమీ ఎరగని జింకలు కూడా ఇప్పుడే తాగిన నీళ్లు తామే దొంగిలించినట్టు తలలు వంచుకున్నాయి. హుసేన్‌బీ వచ్చి ఒంటె ముందు నిలబడింది.

"అయ్యా, ఆ మిగిలిన నీళ్లు తాబేళ్లకు పంపండి. వచ్చే ఏడు మా వంతులోంచి వాళ్లది వాళ్లకిచ్చేయండి."

"అలాగైతే నీకు మళ్లీ చోటుండదమ్మా!"

"ఉండకపోనీండి. వాళ్ల చోట్లో నిలబడి నేనేమని దువా చెయ్యను?"

సింహానికి తల ఎత్తాలనిపించలేదు. ఎవరైనా తిడితే బాగుండుననిపించింది. ఎవరూ తిట్టలేదు.

మరుసటేడు తాబేళ్లే ముందు వెళ్లాయి. రాయబారానికి ఎద్దు వెళ్లింది. దానికి తియ్యని మాటలు రావు. అయినా అది చెప్పిన లెక్కను ఒంటెలు మారుమాట లేకుండా ఒప్పుకున్నాయి. నక్క మాత్రం ఆ తర్వాత నిజంగా వానొస్తోందని చెప్పినా, పిట్టలు కూడా ఒకసారి ఆకాశం చూసుకునేవి.

నీతి: పక్కవాడి వంతు కోసి తెచ్చుకున్న పుణ్యం మనకు దక్కదు, తల దించుకునేలా చేస్తుంది.