నల్లోడు ముద్ద వాసన చూసిన రోజు

రండి, దగ్గరికి జరగండి. దేవుడి దగ్గర దీపం పెట్టేశాను, ఇక తొందరేం లేదు. గుమ్మంలో పడుకున్న ఆ కుక్కపిల్లనీ లోపలికి రానివ్వండి. ఈ కథ దాని తాతలదే.

ఒకప్పుడు కుక్కలు తిండిని వాసన చూసేవి కావు. ముక్కేమో దొంగల కోసం, నోరేమో ముద్ద కోసం. అన్నం పెట్టిన చేతిని అనుమానిస్తే మహాపాపమని వాటి నమ్మకం. అందుకని పెట్టింది పెట్టినట్టే మింగేసేవి.

ఆ రోజుల్లో ఏటి ఒడ్డున పైడమ్మ, అప్పలస్వామి అని ఆలుమగలు మేకలు కాచుకుని బతికేవారు. ఆ మందకి కాపలా నల్లోడు. మంచి కుక్క. తోడేలు ఏటి అవతల తుమ్మితే ఇవతల మొరిగేవాడు.

ఆ నల్లోడికి దురద పట్టుకుంది. చెవుల్లో దురద, పాదాల సందుల్లో దురద, పొట్ట కింద మరీ దురద. గోకీ గోకీ బొచ్చు కుచ్చులు కుచ్చులుగా ఊడింది.

ఇది ఎవరో చేసిన పనే అనుకున్నాడు నల్లోడు.

మొదటి అనుమానం పిల్లి మీద. రోజూ కళ్ళు సగం మూసుకుని తనకేసి చూస్తుంది, ఏ మంత్రమో వేస్తుందని. రెండో అనుమానం కోడి మీద. రెక్కలు దులిపి పేలు తనమీదికి తోలుతోందని. చివరికి వేపచెట్టునీ వదల్లేదు. పైడమ్మ వేపాకు నూరి ఒంటికి పూస్తే ఓ పూట హాయిగా ఉండేది, మర్నాటికి దురద మామూలే. చెట్టు కావాలనే సగం మందే ఇస్తోందని చెట్టుకేసి కూడా మొరిగాడు.

అందరినీ అనుమానించాడు గానీ పైడమ్మని మాత్రం అనుమానించలేదు. ఆవిడ తల్లి కదా. వాడు చిక్కిపోతున్నాడని జాలిపడి, అంబలిలో రోజూ ఇంకో ఎండుచేప ఎక్కువ కలిపేది.

అప్పలస్వామికీ ఒక అనుమానం ఉంది. ఇది గజ్జి అని, మేకలకి అంటుకుంటే తమ బతుకు ఏట్లో కలుస్తుందని. కుక్కని ఏరు దాటించి వదిలేస్తానన్నాడు. పైడమ్మ కాళ్ళావేళ్ళా పడింది. శ్రావణమాసం వస్తోంది, దేవుడికి మొక్కుకుంటాను, ఆ నెల ఆగమంది. సరేనన్నాడు.

శ్రావణమాసం వచ్చింది. ఆ నెలంతా వాళ్ళింట్లో నీసు గుమ్మం తొక్కదు. చేప లేదు, గుడ్డు లేదు. మనుషులకీ చోడి అంబలే, కుక్కకీ చోడి అంబలే. ఆ ఊళ్ళో రాగుల్ని చోళ్ళంటారులెండి.

రోజులు గడిచేకొద్దీ నల్లోడి దురద తగ్గింది. నెల చివరికి పొట్ట కింద కొత్త బొచ్చు తొంగిచూసింది. దేవుడి దయ అని పైడమ్మ దణ్ణం పెట్టుకుంది. నల్లోడు మాత్రం పిల్లి తన మొరుగుడికి జడిసి మంత్రం మానేసిందనుకున్నాడు.

పోలాల అమావాస్యతో శ్రావణం వెళ్ళిపోయింది. మర్నాడు పైడమ్మ సంబరంగా ఎండుచేపల పులుసు కాచి, ఇంత పెద్ద చేప నల్లోడికి పెట్టింది. గుటుక్కున మింగాడు. తెల్లారేసరికి చెవులు మండిపోతున్నాయి.

గజ్జి మళ్ళీ తిరగబెట్టింది, ఇక ఏరు దాటించాల్సిందేనన్నాడు అప్పలస్వామి. చూరులోంచి తాడు తీశాడు.

నల్లోడు తిన్నగా పిల్లి మీదికి దూకాడు. పిల్లి గోడెక్కి కూర్చుని, "ఒరే నల్లోడా, నెలంతా నేను ఇక్కడే ఉన్నాను. కోడీ ఇక్కడే, చెట్టూ ఇక్కడే. నెలంతా లేనిదేదో నిన్న వచ్చింది. దాన్ని అడుగు," అంది.

నల్లోడు గోడ కింద ఆగిపోయాడు. "అమ్మ చేతిని అనుమానించమంటావా?"

"చేతిని కాదురా. ముద్దని."

అంతలో పైడమ్మ కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. పంపించేసే బిడ్డ కదా, చేప కలిపిన అంబలి ముంత నిండా తెచ్చింది. నల్లోడి నోట్లో నీళ్ళూరాయి. అయినా ఆగాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ముద్ద మీదికి ముక్కు వంచాడు. వాసన తగలగానే చెవి జిలపుట్టింది.

వాడు పైడమ్మ చేతిని నాకాడు. తర్వాత ముంతని ముక్కుతో అవతలికి తోశాడు.

పైడమ్మ మనసు చివుక్కుమంది. "ఏరా, నా చేతి కూడు వాసన చూస్తావా? విషం పెట్టాననుకున్నావా?" అంది. చెయ్యి కూడా ఎత్తింది.

ఎత్తిన చెయ్యి అక్కడే ఆగింది. నల్లోడు వెళ్ళి ఒట్టి అంబలి కుండ పక్కన కూర్చుని తోక ఆడిస్తున్నాడు. పైడమ్మ కుండని చూసింది, ముంతని చూసింది, వాడి చెవుల్ని చూసింది. చేప లేని నెలంతా వాడి ఒళ్ళు బాగుండటం అప్పుడు గుర్తొచ్చింది.

"మావా, ఆ తాడు చూర్లో పెట్టెయ్," అంది. "వీడికి ఇంకా శ్రావణమాసం వెళ్ళలేదు."

వాడికి ఆ శ్రావణమాసం జన్మంతా సాగింది. ఒళ్ళంతా బొచ్చు నిగనిగలాడింది. మేకలు చల్లగా ఉన్నాయి. దేవుడు మందు ఇచ్చాడు, కాకపోతే మానేసే మందు ఇచ్చాడు.

మరి నల్లోడి వాటా చేప ఎవరికి పోయిందంటారా? పిల్లికి. అది మీసాలు తుడుచుకుంటుంటే నల్లోడికి కొత్త అనుమానం పుట్టింది, అంత మంచి సలహా ఇది ఊరికే ఇచ్చిందా అని.

అప్పటినుంచే కుక్క ఎంత ఆకలిగా ఉన్నా, పెట్టింది ఎంత అయినవాళ్ళైనా, ముద్దని ముందు వాసన చూస్తుంది. పిల్లి కనబడితే గుర్రుమంటుంది.

మీరు మాత్రం పైడమ్మ ఎత్తిన చెయ్యి ఆపడం గుర్తుపెట్టుకోండి. రేపు మీ కుక్క పెట్టిన ముద్ద దగ్గర ఆగిపోతే, కసరకండి. మీరూ కాసేపు ఆగి, అది ఎటు వెళ్తుందో చూడండి.