ముగ్గురిచ్చిన బొంత

పిల్లలూ, కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. చాలా చాలా కాలం కిందట వెన్నెలకోట అనే రాజ్యాన్ని జయకేతు అనే రాజు ఏలేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు మహీపాలుడు, రెండోవాడు గుణపాలుడు, చిన్నవాడు శ్రీపాలుడు. ఆ రాజుగారింట్లో ఒక వింత అలవాటుండేది. ఒకసారి కట్టిన బట్ట మళ్ళీ కట్టేవారు కాదు. ఏడాదికోసారి విడిచిన బట్టలన్నీ రాశి పోసి తగలబెట్టేవారు. అంత పెద్ద కోటలో ఎంత వెతికినా ఒక్క పాత గుడ్డ దొరికేది కాదు.

పెళ్ళయిన పదేళ్ళకి మహీపాలుడి భార్య కమలిని మగబిడ్డని కన్నది. కోటంతా పండగ చేసుకున్నారు. మూడోరోజు పొద్దున పాలివ్వబోతే బిడ్డ ఒళ్ళు మంచుముద్దలా తగిలింది. బిడ్డ ఏడవడం లేదు, కదలడం లేదు. సన్నగా ఊపిరి మాత్రం ఆడుతోంది.

రాజవైద్యుడు వచ్చి చూసి తల దించుకున్నాడు. "ప్రభూ, ఇది జబ్బు కాదు. ఏడు సముద్రాల అవతల హిమాక్షుడనే మాంత్రికుడున్నాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలకకి ఎప్పుడూ చలే. దాన్ని బతికించుకోవడానికి వాడు పసిపిల్లల ఒంట్లో వేడిని మంత్రం వేసి లాగేస్తుంటాడు. పున్నమి దాటితే బిడ్డ మనకి దక్కడు" అన్నాడు.

మహీపాలుడు గుర్రమెక్కి పోయి ఉత్తరాది కొండల నుంచి ఉన్ని శాలువలు తెచ్చాడు. ఏడు చుట్లు చుట్టారు. బిడ్డ వెచ్చబడలేదు. గుణపాలుడు నిప్పుల కొండకి పోయి ఎప్పటికీ ఆరని ఎర్రరాళ్ళు తెచ్చాడు. ఉయ్యాల చుట్టూ పేర్చారు. గదిలో ఉన్నవాళ్ళందరికీ చెమటలు పట్టాయి. బిడ్డ మాత్రం వెచ్చబడలేదు.

శ్రీపాలుడు ఊళ్ళోకి నడిచి వెళ్ళాడు. కనిపించిన ప్రతి తల్లినీ, "అమ్మా, మీ బిడ్డల్ని దేంతో కప్పుతారు?" అని అడిగాడు. అందరూ ఒకే పేరు చెప్పారు, చెంగలి.

చెంగలి సాలెవీధి చివర ఉండే పిల్ల. అమ్మా నాన్నా లేరు. ఊళ్ళో ఎవరికి బిడ్డ పుట్టినా అమ్మమ్మ చీర కొంగు, తాత తలపాగా, నాన్న చిన్నప్పటి చొక్కా తెచ్చి ఆమె ముందు పెడతారు. ఆమె వాటిని ముక్కలు కత్తిరించి, పొరలు పొరలుగా పరిచి బొంత కుట్టి ఇస్తుంది.

శ్రీపాలుడి మాట విని చెంగలి సూది పక్కన పెట్టింది. "కుడతాను రాకుమారా. కానీ అంగట్లో కొన్న గుడ్డ పనికిరాదు. మాంత్రికుడి చలికి ఆగాలంటే, ఎవరో ప్రాణంగా దాచుకున్నది, అడిగితే మనసారా ఇచ్చినది కావాలి. అలాంటివి మూడు ముక్కలు తెండి. కోటలో ఉంటాయి కదా" అంది.

"మా కోటలో పాతవేవీ మిగలవు" అన్నాడు శ్రీపాలుడు. ఆ మాట చెప్పడానికి అతనికి సిగ్గేసింది.

"అయితే అడుక్కోవాలి" అంది చెంగలి.

రాజుగారి కొడుకు కిరీటం తీసి పక్కన పెట్టి అడుక్కోవడానికి బయల్దేరాడు.

మొదట ఒక ముసలి మంత్రసాని గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆమె పేరు పోలమ్మ. "ఈ చీర కట్టుకునే వెయ్యిమంది పిల్లల్ని ఈ చేతుల్లోకి తీసుకున్నాను బాబూ. నీ బొడ్డు కోసిందీ నేనే. అప్పుడు నువ్వు నా కొంగు పట్టుకుని వదల్లేదు" అని నవ్వి, ఆ కొంగే చింపి ఇచ్చింది.

తర్వాత సముద్రపు ఒడ్డుకి పోయాడు. అక్కడ గురవయ్య అనే పడవవాడు కూర్చుని ఉన్నాడు. "గాలివానలో మా వాళ్ళందరూ పోయారు. నన్ను ఈ తెరచాప ఒక్కటే ఒడ్డుకి చేర్చింది. దీన్ని చూస్తే నాకు ఇంకా బతకాలనిపిస్తుంది" అన్నాడు. శ్రీపాలుడు అడగలేక వెనక్కి తిరగబోయాడు. గురవయ్య అతని చెయ్యి పట్టి ఆపాడు. "ఆ బిడ్డా ఒడ్డుకి చేరాలి కదయ్యా" అంటూ మూర పొడుగు ముక్క కోసి ఇచ్చాడు.

మూడోది ఒక సిపాయి ఇల్లు. సిపాయి లేడు, భార్య నీలవేణి ఉంది. ఆమె దగ్గర భర్త తలపాగా ఒక్కటే మిగిలింది. పెట్టె తెరిచి దాన్ని చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఆయన ఎలా పోయాడమ్మా?" అని అడిగాడు శ్రీపాలుడు.

"కోటకి నిప్పంటుకున్నప్పుడు రాజుగారి పిల్లలు లోపల ఉండిపోయారు నాయనా. ముగ్గురినీ బయటికి తెచ్చాడు. తను రాలేకపోయాడు."

ఆ ముగ్గురిలో శ్రీపాలుడూ ఒకడు. ఇన్నేళ్ళలో ఆ మనిషెవరని కోటలో ఎవరూ అతనికి చెప్పలేదు, అతనూ అడగలేదు.

"ఆయన పేరేమిటమ్మా?" అన్నాడు.

"భద్రయ్య" అంది నీలవేణి. తలపాగాని సగానికి చింపి అతని చేతిలో పెట్టింది. "మిగతా సగం నేనుంచుకుంటాను. ఇది తీసుకెళ్ళు."

శ్రీపాలుడు ఆమె పాదాలకి దణ్ణం పెట్టాడు.

చెంగలి ఒక పగలంతా తలెత్తకుండా కుట్టింది. చీర కొంగు మధ్యలో, తెరచాప అడుగున, తలపాగా చుట్టూ అంచుగా. బొంత కప్పగానే బిడ్డ బుగ్గలు ఎరుపెక్కాయి. కమలిని ఆనందంతో బిడ్డని ఎత్తుకోబోయింది. బొంత జారింది, ఒళ్ళు మళ్ళీ మంచయిపోయింది.

"మాంత్రికుడు ఇంకా లాగుతున్నాడు. బొంత ఉన్నంతసేపూ బిడ్డ ఆగుతాడు. ఇక మీరు వెళ్ళాలి" అంది చెంగలి. మిగిలిన పీలికలతో అరచేయంత చిన్న బొంత ఒకటి కుట్టి శ్రీపాలుడి చేతికిచ్చింది. "చలి వల్లే కదా ఆ చిలక ఇంత పని చేయిస్తోంది. దానికి కప్పండి" అంది.

ఒడ్డున గురవయ్య ఒక తాబేలుని పిలిచాడు. వలలో చిక్కితే ఆయన ఎప్పుడో విడిపించిన తాబేలు అది. దాని వీపు పడవంత ఉంది. "గురవయ్య పంపినవాడు నాకు బరువు కాదు. ఎక్కు" అంది తాబేలు. ఒక సముద్రం దాటింది, చలి మొదలైంది. రెండో సముద్రం దాటింది, చలి పెరిగింది. ఏడో సముద్రం దాటేసరికి శ్రీపాలుడి కనురెప్పల మీద మంచు పేరుకుంది.

"మాంత్రికుడు నాలుగు ప్రశ్నలు వేస్తాడు. అబద్ధం చెబితే రాయైపోతావు. జాగ్రత్త" అని చెప్పి తాబేలు ఒడ్డున ఆగింది.

గుహ ముందు హిమాక్షుడు అడ్డం నిలబడ్డాడు. కళ్ళు తెల్లగా ఉన్నాయి.

"కత్తి తెచ్చావా?"

"లేదు."

"నిప్పు తెచ్చావా?"

"లేదు."

"మంత్రం తెచ్చావా?"

"నాకు ఒక్క మంత్రమూ రాదు."

"మరి ఆ చంకలో ఏమిటి?"

"పాత గుడ్డలు. మీ చిలకకి చలని విన్నాను. కప్పుదామని తెచ్చాను."

హిమాక్షుడు పగలబడి నవ్వాడు. పీలికల వల్ల తనకేం భయమని లోపలికి పోనిచ్చాడు.

మంచు పంజరంలో చిలక వణుకుతోంది. దాని రెక్కల కింద పిల్లల వేడి మిణుగురుల్లా మెరుస్తోంది. శ్రీపాలుడు పంజరం తలుపు తీసి చిన్న బొంత కప్పాడు. చిలక వణుకు ఆగింది. అది కళ్ళు మూసుకుని, "పుట్టాక నాకు చలి వేయకపోవడం ఇదే మొదటిసారి" అంది. బిగపట్టుకున్న రెక్కలు వదులయ్యాయి. మిణుగురులన్నీ బయటికి ఎగిరి ఏడు సముద్రాల మీదుగా ఏ బిడ్డవి ఆ బిడ్డ ఇంటికి వెళ్ళిపోయాయి.

హిమాక్షుడు వాటిని పట్టుకోబోయాడు. కానీ చిలక నిద్రలోకి జారేసరికి వాడి కాళ్ళూ చేతులూ బరువెక్కాయి. ఉన్నచోటే కూలబడి నిద్రపోయాడు.

శ్రీపాలుడి చెయ్యి చిలక మెడ మీదే ఉంది. ఒక్క నొక్కు నొక్కితే మాంత్రికుడు లేడు. చిలక ఒక కన్ను తెరిచి, "చంపుతావా?" అంది.

"ముగ్గురు ఒక ప్రాణం నిలబెట్టడానికి ఇచ్చిన గుడ్డలివి. వీటి కింద ఉన్న ప్రాణాన్ని తీయలేను. మళ్ళీ వేడి దొంగిలించనని మాటిస్తావా?"

"ఇక నాకు దాంతో పనేముంది?" అంది చిలక. బొంతని అక్కడే వదిలి శ్రీపాలుడు తిరిగొచ్చాడు.

అతను కోటలో అడుగుపెట్టేసరికి బిడ్డ ఏడుపు వీధి చివరిదాకా వినిపిస్తోంది. అంత మంచి ఏడుపు ఆ కోటలో ఎవరూ విని ఉండలేదు. జయకేతు మహారాజు పల్లకీ వద్దని, కాలినడకన పోలమ్మ ఇంటికీ గురవయ్య పాకకీ వెళ్ళి దణ్ణం పెట్టాడు. ఆఖరున నీలవేణి ఇంటికి వెళ్ళాడు. "అమ్మా, నీ దగ్గరికి ఎప్పుడో రావలసినవాణ్ణి. ఇన్నేళ్ళు ఆలస్యం చేశాను. ఏం కావాలో అడుగు" అన్నాడు.

"ఆయన పేరు ఎవరో ఒకరు పిలుస్తూ ఉంటే చాలు" అంది నీలవేణి. బిడ్డకి భద్రసేనుడని పేరు పెట్టారు. మొదటిసారి ఆ పేరు పిలిచింది ఆమే. ఆ ఏటి నుంచి కోటలో బట్టలు తగలబెట్టడం మానేశారు.

శ్రీపాలుడు చెంగలినే పెళ్ళి చేసుకున్నాడు. రాజు వాళ్ళకి సముద్రతీరపు సీమ ఇచ్చాడు. రెండేళ్ళకి చెంగలి నెల తప్పింది. ఊరంతటికీ బొంతలు కుట్టిన పిల్లకి, తన బిడ్డ కోసం దాచిన అమ్మ చీర ఒక్కటీ లేదు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

సీమంతం నాటి పొద్దున తలుపు తీస్తే వాకిలి నిండా జనం. ఆమె బొంతల కింద పెరిగిన పిల్లలూ, వాళ్ళ తల్లులూ. ప్రతి చేతిలో ఒక ముక్క. "నువ్వు కూర్చో తల్లీ, ఈసారి మేం కుడతాం" అంది పోలమ్మ. చెంగలి ఒక్కో ముక్కనీ చేతుల్లోకి తీసుకుంది. ఇది ఎవరిదని అడిగింది, పేరు విని కళ్ళకద్దుకుంది. పేర్లన్నీ అయ్యేసరికి సాయంత్రమైంది. బొంత పూర్తయ్యేసరికి అది వాకిలంత అయింది.

ఆ బొంత కింద చెంగలి పిల్లలు ముగ్గురు నిద్రపోయారు, వాళ్ళ పిల్లలు తొమ్మిదిమంది నిద్రపోయారు. శ్రీపాలుడూ చెంగలీ నిండు నూరేళ్ళు ఆ సీమని ఏలారు. అడిగిన వాళ్ళకి ఇచ్చారు, ఇచ్చిన వాళ్ళ పేరు మర్చిపోలేదు. ఇక కళ్ళు మూసుకోండి పిల్లలూ, దుప్పటి సరిచేస్తాను.