ఎండకు నాది, వానకు నీది

అదిగో, ఆ కొండ చూడండి. ఏం కనిపించిందో చెప్పండి. మెట్లంటారా? సరిగ్గా చూడండి. అవి మెట్లు కావు, ఇళ్లు! కింది ఇంటి మిద్దే పై ఇంటికి వాకిలి.

మన తాతల తాతలు ఇంకా పుట్టని కాలంలో, మధ్యధరా సముద్రానికి ఎగువన ఆ కొండ మీద వర్దా అనే ఆమె ఉండేది. భర్త పోయాడు. ఒక మేక, ఒక గోధుమ గాదె, ఒక మట్టిమిద్దె, అంతే ఆమె ఆస్తి. ఆ మిద్దే పై ఇంటి నిమర్‌కు వాకిలి. వాన పడ్డప్పుడల్లా దాని మీద రాతిగుండు దొర్లించి మట్టిని అణచాలి. లేకపోతే నీళ్లు లోపలికి దిగుతాయి. అక్కడికి దారేమో నిమర్ తలుపులోంచే.

తొలివానకు గాదె తడిసింది.

"అన్నా, తలుపు తియ్యి. గుండు దొర్లించుకుంటాను."

"తడిసిన అత్తిపండ్లు ఆరేశానమ్మా. రేపు రా."

రెండోవానకు మట్టిపెళ్ల ఊడి మేక మీద పడింది.

"చుట్టాలొచ్చారు. వాళ్ల ముందు గుండు ఈడుస్తావా? ఎండకు ఇది నా వాకిలి, వానకు నీ మిద్దె. కింద గిన్నె పెట్టుకో, పో!"

చుట్టాలు పకపకా నవ్వారు. వర్దాకు ఒళ్లు మండింది. తన ఇంటి దూలాన్ని అడవి నుంచి మోసుకొచ్చిన భుజం ఆమెది.

మూడోవాన మూడు రోజులు వదల్లేదు. ఓ మధ్యాహ్నం దూలం కింది స్తంభం పక్కకు ఒరిగింది. వర్దా మేకను బయటికి తోలింది. తానూ పరుగెత్తబోయి ఆగిపోయింది. నిమర్ ముందుగోడ నిలిచింది తన వెనకగోడ మీదే. ఆ గోడ పక్కనే అతని పిల్లలు ఆడుకుంటారు.

కూలితే కూలనీ అనుకోవచ్చు. అనుకోలేదు. పైకెక్కి తలుపు బాదింది.

"మళ్లీ గుండేనా?"

"గుండు కాదయ్యా, నీ పిల్లలు! బయటికి తీసుకురా. నీ గోడ చూడు!"

గోడలో వేలు దూరేంత బీట. నిమర్ లోపలికి పరుగెత్తాడు. పిల్లల్ని పశువుల పాకలో కూర్చోబెట్టి, ఒక దుంగ భుజాన వేసుకుని వర్దా ఇంట్లోకి దిగాడు. ఇద్దరూ కలిసి దూలానికి ఆసరా నిలబెట్టారు. వాన వెలిశాక గుండు అతనే పట్టాడు.

"అటు కాదు, అంచు నుంచి! ఇన్నేళ్లు దీని మీద కూర్చుని తిన్నావు, దొర్లించడం రాదా?" అంది వర్దా.

నిమర్ నడుము నిమురుకుంటూ తలెత్తాడు. తన మిద్దె మీద పై ఇంటివాడు తీరిగ్గా చాపలు పరుస్తున్నాడు. గుండు ఓ మూల కదలకుండా పడి ఉంది.

ఎంత ఎత్తున ఉన్నవాణ్ణయినా మోసేది కిందివాడి గోడే. మరి మీరు నిలబడ్డ వాకిలి ఎవరి ఇంటి మిద్దె?