నక్కకు పనివాళ్లే లేరట!

అనగనగా అంటే మరీ పాత రోజులు కావు పిల్లలూ, ఈమధ్యే. ఒక అడవిలో బుచ్చిలింగం అనే నక్క తేనె వ్యాపారం పెట్టింది. "మీరు కాలు కదపక్కర్లేదు, తేనె ముంత మీ గుమ్మం ముందుకే వస్తుంది" అని అందరికీ చాటింది. ముంతలు మోసేది మాత్రం కుందేళ్లు.

పనిలో చేరిన రోజు చుక్కమ్మ అనే కుందేలు వినయంగా "అయ్యా!" అంది.

నక్క చెవులు మూసుకుంది. "ఛీఛీ, అయ్యా ఏమిటి? నువ్వు నా పనిదానివి కావు. నీకు నువ్వే దొరసానివి! రాలేని రోజున నీ బదులు ఎవరినైనా పంపుకో. ఇదిగో, ఆకు మీద రాశాను. ముద్ర వెయ్యి."

చుక్కమ్మను దొరసాని అన్నవాళ్లు అంతవరకూ లేరు. మురిసిపోయి ముద్ర వేసింది.

ఒకరోజు వానలో ముంత ఆలస్యంగా చేరింది. "రెండు రోజులు నీకు పని లేదు దొరసానీ" అంది నక్క.

ఇంకోరోజు వాగు పొంగింది. "ఇవాళ దాటలేనండీ" అంది చుక్కమ్మ. "అయితే రేపటి నుంచి రావద్దు దొరసానీ" అంది నక్క.

ఏం చేస్తుంది? ఇంట్లో నాలుగు పసికూనలు. ముంత నెత్తిన పెట్టుకుని వాగులో దిగింది. రాళ్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది.

కుంటుకుంటూ నక్క దగ్గరికి వెళ్లి, "కాలు అతుక్కునేదాకా పిల్లలకు ఇంత గడ్డి పెట్టించండి" అని ఏడ్చింది.

"పనివాళ్లయితే పెట్టించేవాణ్ణే. నాకు పనివాళ్లే లేరే!" అంది నక్క.

చుక్కమ్మ, అడవిలో తగవులు తీర్చే ఏనుగు పెద్దాయనకు మొరపెట్టుకుంది. నక్క ఆకు పట్టుకొచ్చింది. "చూడండి, తన బదులు ఎవరినైనా పంపుకోవచ్చు. ఇంత స్వేచ్ఛ పనివాళ్లకు ఉంటుందా?"

"నిజంగా ఎవరినైనానా?" అడిగింది ఏనుగు.

"ఎవరినైనా! ఒట్టు!"

ఏనుగు తల ఊపింది. చుక్కమ్మ ఓడిపోయింది. "నక్క కాళ్లు పట్టుకోవే, జాలిపడుతుందేమో" అన్నాయి తోటి కుందేళ్లు. చుక్కమ్మ పట్టుకోలేదు. తిన్నగా కొండగుహకు వెళ్లి, అక్కడున్నవారితో ఏదో మాట్లాడింది.

మర్నాడు పొద్దున్నే నక్క గుమ్మంలో పెద్ద ఎలుగుబంటి నిలబడింది. మూతి నాక్కుంటూ, "చుక్కమ్మ బదులు నేనొచ్చాను. తేనె ముంతలు ఎక్కడ?" అంది.

నక్క ముంతలన్నీ లోపల పెట్టి తలుపు బిగించి, వెనక దారిన ఏనుగు దగ్గరికి పరుగెత్తింది. "ఎలుగుబంటిని పంపింది! నేను ఒప్పుకోను!"

"నిన్న ఎవరినైనా అన్నావుగా?"

"ఎవరినైనా అంటే... నాకు నచ్చినవాళ్లను!"

ఏనుగు చాలాసేపు నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది.

"ఎవరు రావాలో నువ్వే చెబుతావు. ఎప్పుడు రావాలో నువ్వే చెబుతావు. రాకపోతే శిక్షా నువ్వే వేస్తావు. అలాంటివాణ్ణే యజమాని అంటారు బుచ్చిలింగం. నిన్న నేనూ ఆ ఆకు చూసి మోసపోయాను. వెళ్లు, ఆ కూనలకు గడ్డి నువ్వే మోసుకెళ్లు."

ఆ రోజు నుంచి చుక్కమ్మ లేచి తిరిగేదాకా నక్క రోజూ గడ్డిమోపు మోసింది. జబ్బుపడ్డ ప్రతి కుందేలుకూ మోసింది. చుక్కమ్మ కాలు అతుక్కుంది గానీ, కాస్త వంకరగానే అతుక్కుంది.

నీతి: పనిచేసేవాళ్లను దొరసాని అని పిలిచినంత మాత్రాన, వాళ్ల మంచిచెడ్డలు చూడాల్సిన బాధ్యత పనిచేయించుకునేవాళ్ల నెత్తి మీద నుంచి దిగిపోదు.