మూరెడు గుడ్డ

శఠగోపం కొండ మెట్లెక్కి వచ్చేసరికి మధ్యాహ్నపు ఆరగింపు ముగిసి, స్వామివారి సన్నిధి తలుపులు మూసి ఉన్నాయి. చెమటకు తడిసిన ఉత్తరీయాన్ని పిండుకొనే ఓపిక కూడా లేక, వంటశాల వెనుకనున్న గురువుగారి వసారాలో చతికిలబడ్డాడు. వ్యాపారం మూసివేస్తున్నానని చెప్పడానికి వచ్చాడు. మళ్ళీ ఈ కొండమీదనే ఏదో ఒక పొయ్యి దగ్గర చోటిప్పించమని అడగడానికి వచ్చాడు.

గురువు అప్పలాచార్యులుగారు ఆ కోవెలలో వంటస్వామి. శఠగోపం చేతికి గరిటె ఇచ్చి, నైవేద్యపు వంట నేర్పినవారు ఆయనే. ఆలయమిచ్చే భృతితో ఇల్లు గడవక, నిరుడు శఠగోపం కొండ దిగాడు. ఊళ్ళో అద్దె ఇంటి పెరట్లో రేకుల పంచ దించి, శుభకార్యాలకు పులిహోర, దద్ధ్యోదనం, చక్కెరపొంగలి వండి పంపసాగాడు. చేతి రుచికి పేరు వచ్చింది. పేరు వెనుకనే ప్రభుత్వంవారి తాఖీదూ వచ్చింది. ఆహార భద్రతా శాఖ లైసెన్సు లేనిదే వండి అమ్మరాదట. ఆ కాగితం లేనివాడి గుండిగలను కల్యాణమండపాలవాళ్ళు గుమ్మం దగ్గరే ఆపేస్తున్నారు.

గురువుగారు అతని ముఖం వంక చూసి, "ఏమైంది?" అన్నారు.

"అలసిపోయాను స్వామీ. నూతినీళ్ళు పరీక్షకు పంపమన్నారు, పంపాను. ఆరోగ్యం బాగున్నట్టు డాక్టరుచేత రాయించుకొని రమ్మన్నారు, తెచ్చాను. పప్పులూ బియ్యమూ నేలమీద ఉండరాదంటే బల్లలు చేయించాను. కిటికీలకు జాలీలు కొట్టించాను. నిన్న ఆఫీసరమ్మ వచ్చింది. మా చెల్లెలి కూతురి ఈడు. నా గోళ్ళు చూపించమంది!"

"చూపించావా?"

"చూపించాను."

"ఏమంది?"

"బాగున్నాయంది."

"నయమే. నేనెన్నడూ అనలేదు ఆ మాట."

శఠగోపానికి నవ్వు రాలేదు. "అంతటితో పోయిందా? ముక్కుకూ మూతికీ గుడ్డ ఏదండీ అంది. లేదన్నాను. అది కట్టుకొని వండుతుండగా చూస్తేనే సంతకం పెడుతుందట. ఎల్లుండి మళ్ళీ వస్తానంది. నేనేమైనా రోగినా స్వామీ? కోవెల పొయ్యిమీద చేయి తిరిగినవాణ్ణి. రానక్కరలేదు పొమ్మన్నాను."

"మీ గోదమ్మ ఊరుకొందా?"

భార్య పేరు వినగానే శఠగోపం తల దించుకొన్నాడు. "ఎత్తిపొడిచింది. ఇన్ని గుండిగలు మోసిన మీకు మూరెడు గుడ్డ బరువైందా, అంది."

"నువ్వేమన్నావు?"

"స్వామివారికి వండేటప్పుడంటే ఆ మాట వేరు. పెళ్ళికి వచ్చి, తిని, చేయి కడుక్కొని పోయేవాళ్ళకోసం..." అతడు వాక్యం పూర్తి చేయలేదు. పూర్తి చేయడానికి కూడా శక్తి చాలినట్టు లేదు. "విసిగిపోయాను. మళ్ళీ మీ పంచకే వస్తాను. కట్టెలు మోయమన్నా మోస్తాను."



"తిన్నావా?" అన్నారు గురువుగారు.

"ఆకలి లేదు."

"తిన్నావా అని అడిగాను."

"లేదు స్వామీ."

ప్రసాదం అప్పటికే భక్తులకు పంచడం అయిపోయింది. గురువుగారు మోకాళ్ళమీద చేతులూని, ఒక నిట్టూర్పు విడిచి లేచారు. తెల్లవారకముందే మొదలైన ఆయన చాకిరీ అప్పుడప్పుడే ముగిసినట్టుంది. నడుము నిలపడానికి గోడ ఆసరా కావలసివచ్చింది. శఠగోపం గబగబా లేవబోయాడు.

"కూర్చో. వచ్చినవాడివి నువ్వు."

ఆయన కాళ్ళూ చేతులూ కడుక్కొన్నారు. వసారా మూలనున్న తమ కుంపటిలో బొగ్గులు రాజేసి, చిన్న గిన్నెలో ఎసరు పెట్టారు. పిడికెడు బియ్యమూ, పెసరపప్పూ కడిగి పక్కన ఉంచుకొన్నారు. మిరియాలు నలిపారు. పులగం కాబోలు అనుకొన్నాడు శఠగోపం.

అప్పుడు గురువుగారు దండెంమీద ఆరవేసిన తెల్లని గుడ్డ తీసి దులిపారు.

శఠగోపం బాగా ఎరిగిన గుడ్డే అది. స్వామికి వండేవాడు దానిని ముక్కుకూ మూతికీ అడ్డంగా కట్టుకొని తీరాలి. దేవుడు ఆరగించకమునుపే వంట పరిమళాన్ని వండేవాడు ఆఘ్రాణించరాదు. తొలినాడు ఆ ముడి పడక అతడు తికమకపడుతుంటే, వెనుక నిలిచి వేసిపెట్టినవి ఈ చేతులే. ఇప్పుడా చేతుల్లోనే ముడి ఒకసారి జారిపోయింది. ఆయన ఓపికగా మళ్ళీ వేసుకొని, బియ్యమూ పప్పూ ఎసట్లో పోశారు.

శఠగోపం కాసేపు చూశాడు. వయసు మీదపడి ఆయన మరిచిపోలేదు గదా అనుకొన్నాడు. చివరకు ఉండబట్టలేక అడిగాడు.

"స్వామీ, ఆరగింపు అయిపోయింది కదా?"

"అయింది."

"సన్నిధి తలుపులు కూడా వేశారు."

"వేశాము."

"మరి ఆ గుడ్డ..."

గురువుగారు వెనుదిరగలేదు. గరిటె ఆపలేదు. గుడ్డ చాటునుంచి మాట మెల్లగా వచ్చింది.

"తినబోయేది నువ్వు కదా, నాయనా. మొదటి వాసన నీకే రావాలి."

పులగం ఉడికింది. గురువుగారు విస్తరి వేసి, గిన్నె తెచ్చి అతని ముందుంచారు. మూత తీస్తూ తమ ముఖం పక్కకు తిప్పుకొన్నారు.

ఆవిరి శఠగోపం ముఖానికి తగిలింది. చాలాసేపటివరకు అతని చేయి విస్తరిమీదికి పోలేదు.